కాకీ, తాటిపండూ, టచ్‌ప్యాడూ

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన సంగతి మిత్రులెరిగినదే. నా ల్యాప్‌టాప్ మాత్రం సంక్రాంతి వరకూ దానితోనే కాలక్షేపం చేసింది. పండుగకు వచ్చిన మా మనవడు చూసి, "ఇంకా ఇలాగే ఉంచితే ప్రమాదం తాతయ్యా" అని, ఒక సాయంకాలమంతా కూర్చుని దానిని విండోస్ 11కు మార్చిపెట్టాడు. ఆ రాత్రి పొద్దుపోయేదాకా నేను నా శతక వ్యాఖ్యానం టైపు చేసుకున్నాను. తెల్లవారుజామునే వాడు రైలెక్కి కళాశాలకు వెళ్ళిపోయాడు.

కాఫీ తాగి యంత్రం తెరిచి చూతును గదా, టచ్‌ప్యాడు పలకలేదు. (దానిని నేను ముచ్చటగా స్పర్శఫలకం అని పిలుచుకుంటాను.) వేలు ఎంత రాసినా తెరమీది బాణపు గుర్తు ఉన్నచోటనే ఉన్నది. ఇంట్లో మౌసు కూడా లేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. రైల్లో ఉన్న పిల్లవాడికి ఫోను చేసి, "నీ ప్రయోగాలకు నా యంత్రమే దొరికిందా? తెలియని పనికి ఎందుకు పూనుకోవాలి?" అని నాలుగు మాటలన్నాను. "రాత్రి పనిచేసింది కదా తాతయ్యా" అన్నాడు వాడు. నేను వినిపించుకోకుండా ఫోను పెట్టేశాను.

ఇక స్వయంగా చికిత్సకు ఉపక్రమించాను. టచ్‌ప్యాడు లేకున్నా కీబోర్డుతో చాలా పనులు జరుగుతాయి. విండోస్ మీటతో ఎక్స్, ఆపైన ఎమ్ నొక్కితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. బాణపు మీటలతో జాబితా దిగుతూ పోయి, హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ అనే శీర్షిక కింద నా రోగిని పట్టుకున్నాను. "ఈ పరికరం సరిగానే పనిచేస్తున్నది" అని అక్కడ ఆంగ్లంలో వ్రాసి ఉన్నది. దానినీ నమ్మలేదు. పాత డ్రైవరుకు మళ్ళిద్దామంటే రోల్ బ్యాక్ అనే బొత్తాము మసకబారి ఉన్నది; పాతది నిలవ లేనప్పుడు అది అంతేనట. డ్రైవరును తొలగించి యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించాను. అది తనంతట తానే తిరిగి వచ్చి కూర్చుంది కాని, ఫలకంలో చలనం లేదు. మధ్యాహ్న భోజనం చల్లారిపోయింది.

సాయంత్రం వసతిగృహం చేరగానే వాడే ఫోను చేశాడు. గొంతులో అలక లేదు. "విండోస్ మీటతో ఐ నొక్కి సెట్టింగ్స్ తెరువు తాతయ్యా. బ్లూటూత్ అండ్ డివైసెస్‌లో టచ్‌ప్యాడ్ ఎలా ఉంది?" అన్నాడు. చూస్తే 'ఆఫ్' అని ఉన్నది! ట్యాబ్ మీటతో అక్కడికి చేరి స్పేస్ బార్ నొక్కగానే బాణం కదిలింది. "దీనిని ఆపినదెవరు?" అన్నాను. "పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న మీట ఏదైనా ఉందేమో చూడు."

ఉన్నది. వెలుతురు తగ్గించే మీట పక్కనే ఉన్నది. అప్పుడు స్ఫురించింది. రాత్రి పడుకోబోయే ముందు, మా ఆవిడ కళ్ళలో వెలుగు పడుతున్నదని చీకట్లో తడుముకుంటూ మీటలు నొక్కినవాణ్ణి నేనే. ఇప్పుడు ఆ మీట నొక్కితే ఫలకం మూగబోయింది. మళ్ళీ నొక్కితే పలికింది. నాలుగుసార్లు చేసి చూశాను.

కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగినంత మాత్రాన కాకి పండును రాల్చినట్లు కాదు. కాకతాళీయ న్యాయమంటే ఇదేనని ఎన్నో ఏళ్ళు తరగతిలో బోధించినవాణ్ణి. కారణమేదో తేల్చాలంటే అన్వయ వ్యతిరేకాలు చూడాలి: అది ఉన్నప్పుడు ఫలితం ఉండాలి, లేనప్పుడు ఉండరాదు. నవీకరణ జరిగిన తరువాత కూడా రాత్రంతా ఫలకం పనిచేసింది. ఆ సాక్ష్యం పిల్లవాడు చెప్పనే చెప్పాడు.

ఇది మొదటిసారి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బల్లమీది నా కలం కనబడలేదు. అంతకు ముందే ఒక కుర్రవాడు కాపీ పుస్తకం దిద్దించుకోవడానికి బల్ల దగ్గరకు వచ్చి వెళ్ళాడు. అరచేతి మీద రెండు దెబ్బలు వేశాను. కలం సాయంత్రం హాజరుపట్టీలో దొరికింది. మర్నాడు చెబుదామనుకున్నాను, మాస్టారి మర్యాద అడ్డు వచ్చింది. ఆ ఏడాది చివర వాళ్ళు ఊరు వదలి వెళ్ళిపోయారు. ఆ చేయి ఇప్పటికీ నా కళ్ళ ముందు చాపే ఉంటుంది.

అందుకే ఆ రాత్రే మనవడికి మళ్ళీ ఫోను చేసి, "తప్పు నాదిరా, నిన్ను ఊరికే అన్నాను" అని చెప్పాను. "దానికేం తాతయ్యా, మీట గుర్తుపెట్టుకో" అని నవ్వాడు.

మిత్రులకు ఒక విన్నపం. నవీకరణ తరువాత టచ్‌ప్యాడు పలకకపోతే ముందు ఆ బొమ్మ ఉన్న మీట చూడండి, తరువాత సెట్టింగ్స్ చూడండి, అటుపైనే డ్రైవరు జోలికి పోండి. ఎవరినైనా కోప్పడదలిస్తే, అది ఆ మూడూ అయిన తరువాత.