పొద్దుగాల పరుగు

హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తించిన 42.195లో సరిగ్గా సగం. ఆ చివరి తొంభై ఏడున్నర మీటర్లు ఎవరి కోసమని మాలో ఒకడి గొణుగుడు.

పాశమైలారం పారిశ్రామికవాడలో నైట్ షిఫ్ట్ దిగినవాడొకడు, జనరల్ షిఫ్ట్ ఎక్కాల్సినవాడొకడు, నేను. ముగ్గురికీ పరుగుకు కుదిరేది ఆదివారం తెల్లవారుజామే. నిద్ర మానుకుని పరుగెత్తడం సాధన కాదంటాను నేను. నైట్ షిఫ్ట్‌వాడు వింటేగా! హైవే మీద లారీలు, కొన్నాళ్లు గాలిలో ఫ్యాక్టరీల ఘాటు. అందుకే సంగారెడ్డిలో మహబూబ్‌సాగర్ చెరువు వైపు పోతాం.

కొత్తవాళ్లు మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగేంత వేగమే పెట్టాలంటారు. ఆ నియమం మాత్రం తప్పం. ఓవర్‌టైం, పిల్లల ఫీజులు, సూపర్‌వైజర్ సంగతులు అక్కడే తేలుతాయి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు పేరిద్దామా అంటే మాత్రం ముగ్గురం ఒక్కసారే బూటు లేసులు సర్దుకుంటాం.