మన ఊరికి పోయి లాడ్జిలో దిగేదా?

నాన్న రిటైరై పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో అమ్మా నాన్నా కలిసి చాలా ఊళ్లు తిరిగారు. కానీ లెక్క చూస్తే అందులో ఒక్కటి కూడా టూరు కాదు. పెళ్లి, గృహప్రవేశం, చెవులు కుట్టడం, కర్మాంతరం, ఎప్పుడూ ఎవరో ఒకరి పని మీద పోవడమే. అందుకే "ఈసారి ఏ పనీ లేకుండా ఊరికే తిరుత్తణి, తిరువళ్లూరు చూసి వద్దాం" అని నేను అన్నప్పుడు అమ్మ అడిగిన మొదటి మాట, "ఎవరింటికి?"

ఎవరింటికీ కాదమ్మా, లాడ్జిలో దిగుదాం అన్నాను.

"మన ఊరికి పోయి లాడ్జిలో దిగేదా? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

నాన్న ఏమీ మాట్లాడలేదు. తిరుత్తణి ఇల్లు తాత పోయిన తర్వాత అమ్మేశారు. అమ్మ పుట్టినిల్లు తిరువళ్లూరు పక్కన. అక్కడ కూడా ఇప్పుడు మనవాళ్లంటూ ఎవరూ లేరు. మిగిలినవాళ్లంతా చెన్నైకో బెంగళూరుకో చేరిపోయారు. ఈ రాత చదివే మీలో చాలామంది సంగతీ ఇదే కదా.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బెంగళూరులో పుట్టి, కన్నడ మీడియంలో చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు. బస్సుల మీద బోర్డులు చూస్తూ, కన్నడ అక్షరానికి తలకట్టు మారిస్తే సగం తెలుగు వచ్చేసినట్టే అని నేనే కనిపెట్టుకున్నాను. తప్పులుంటే అత్తలు, పిన్నమ్మలు దిద్దండి.

నాన్న చదువు ఇంకో రకం. ఆయన 1953లో పుట్టారు. ఒకటో తరగతి తెలుగులో మొదలైంది. అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా, అంటే ఆంధ్ర. ఈ ప్రాంతం తమిళనాడుకు రావాలని మ.పొ. శివజ్ఞానం లాంటివాళ్లు గట్టిగా ఉద్యమం నడిపారు. పటాస్కర్ తీర్పు, 1959 నాటి చట్టం తర్వాత, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని ఊళ్లు ఆంధ్రకు పోయాయి. నాన్నకు అప్పుడు ఏడేళ్లు. ఆ తర్వాత చదువంతా తమిళంలోనే. మా ఇంట్లో తాత సంతకం తెలుగు, నాన్నది తమిళం, నాది కన్నడ. ముగ్గురం మాట్లాడింది మాత్రం ఒకే తెలుగు.

సరే, టెస్టర్ని కదా, ప్లాన్ అంటే నాకు ఎక్సెల్ షీటే. రెండు రోజులు, పదకొండు చోట్లు. తిరుత్తణి కొండ, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టిన ఊరు కాబట్టి ఆయన పేరున్న చోట్లు, తిరువాలంగాడు శివాలయం, తిరువళ్లూరు వీరరాఘవస్వామి, పూండి చెరువు, అక్కడి మ్యూజియం. ప్రతిదానికీ టైము, ఆటో ఖర్చు, బాత్రూము ఉందా లేదా అనే కాలమ్ కూడా పెట్టాను. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూసి, "బాగుంది అమ్మణ్ణీ. కూర్చునేది ఎప్పుడు?" అన్నారు. జోకు అనుకున్నాను.

అరక్కోణంలో దిగి లోకల్ రైల్లో తిరుత్తణికి చేరాం. కొండకు 365 మెట్లు, ఏడాదిలో రోజుకొకటి లెక్క. పైకి బండ్లు పోయే రోడ్డు కూడా ఉంది. అమ్మ మోకాళ్లకు మెట్లు కుదరవు కాబట్టి ముగ్గురం ఆటోలో పోవాలని షీటులో రాశాను. కింద దిగగానే నాన్న, "మీరు ఆటోలో రండి, నేను మెట్లెక్కి వస్తా" అన్నారు. 71 ఏళ్ల మనిషి. నేను వద్దన్నాను. అమ్మ మాత్రం, "పోనీవే, చిన్నప్పటి నుంచి ఎక్కినవాడే" అంది. పైన గంటంబావు ఎదురు చూశాం. ఫోను ఎత్తలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చివరికి చెమటలు కారుతూ వచ్చి, "నడుమ ఒక మెట్టు మీద కూర్చుండిపోయినా, గాలి బాగుండాది" అన్నారు. షీటులో ఆ గంటంబావు లేదు. రాధాకృష్ణన్ గారి చోట్లు ఆ రోజు కాలేదు.

రెండో రోజు తిరువళ్లూరు. అక్కడ చేసింది నా తప్పే. వీరరాఘవస్వామి గుడి 108 దివ్యదేశాల్లో ఒకటి అని చదివాను, గుడి తెరిచే టైము చూశాను, పంచాంగం మాత్రం చూడలేదు. ఆ రోజు అమావాస్య. ఆ గుడికి అమావాస్య అంటే జాతరే. హృత్తాపనాశిని కోనేటి దగ్గర తర్పణాలు పెట్టేవాళ్లు, స్నానాలు చేసేవాళ్లు, క్యూ వీధి దాకా. ఆఫీసులో ఇలాంటి బగ్గు వదిలేస్తే మీటింగ్ పెట్టి అడుగుతారు. నేను నీళ్ల సీసా కొనడానికి పోయి వచ్చేలోపు ఇద్దరూ కనపడలేదు.

అరగంట వెతికాను. తమిళం చదవడం రాదు, ఏ బోర్డు ఎటు చూపిస్తుందో తెలీదు. చివరికి కోనేటి మెట్ల మీద దొరికారు. అమ్మ కాళ్లు నీళ్లలో పెట్టుకుని, చేతిలో బెల్లం ముక్కను నీళ్లలో కరగనిస్తూ ఉంది. ఒంట్లో బాధ బెల్లంలా కరిగిపోవాలని అక్కడ అలా వేస్తారు. ఉప్పు, మిరియాలు కూడా సమర్పిస్తారు.

"మోకాళ్లకా అమ్మా?" అన్నాను.

"మోకాళ్లకు డాక్టరున్నాడు. మా అమ్మ ప్రతి అమావాస్యకూ నన్ను ఈడికే పిలుచుకొని వస్తాండె. ఇదే మెట్టు మీద కూర్చోబెట్టి పులిహోర పెట్టేది. పెళ్లయినాక మళ్లా ఇప్పుడే రావడం."

నలభై ఏళ్లకు పైమాట అది. బెంగళూరు నుంచి ఎంత దూరమని? ఒక పూట రైలు. ఎవరింట్లోనూ పని పడలేదు కాబట్టి రాలేదు, అంతే. నాకు గొంతు పట్టేసింది. దర్శనం క్యూ వదిలేసి అక్కడే రెండు గంటలు కూర్చున్నాం.

సాయంత్రం పూండి మాత్రం చూశాం. కొసస్థలై నది మీద 1944లో కట్టిన చెరువు ఇది. 1996 నుంచి కృష్ణా నీళ్లు కండలేరు మీదుగా ఇక్కడికే వస్తాయి. నాన్న గట్టు మీద నిలబడి, "మనల్ని ఈ పక్కకు పంపించినారు, ముప్పై ఆరేళ్లకు నీళ్లు పంపించినారు" అని నవ్వారు. దగ్గర్లోనే అత్తిరంపాక్కం ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ ఆదిమానవుల రాతి పనిముట్లు కనుక్కున్నారు. కొన్ని 15 లక్షల ఏళ్ల నాటివని తర్వాత తేలింది. మ్యూజియానికి మేం చేరేసరికి మూసేశారు.

పదకొండులో మేం చూసింది మూడు. తిరుగు రైల్లో నేను సారీ చెబితే అమ్మ, "ఎందుకు? బాగా చూసినాం" అంది.

రెండు నెలలకు వాళ్లిద్దరే మళ్లీ పోయారు. నన్ను పిలవలేదు. లాడ్జి నాన్నే మాట్లాడుకున్నారు. తిరువాలంగాడు చూశారట. నటరాజుకు చెప్పే ఐదు సభల్లో అది రత్నసభ, కారైక్కాల్ అమ్మయార్ కథ కూడా ఆ ఊరితో ముడిపడిందే. మర్నాడు తిరుత్తణిలో మా పాత వీధికీ పోయారు. మొదటిసారి నేను అడిగితే వద్దన్న వీధి అది. ఇప్పుడున్నవాళ్లు తమిళంలో పలకరించి, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారట. "అరుగు లేదు, బాయి మూసేసినారు, వేపచెట్టు ఉండాది" అని నాన్న ఫోన్‌లో లిస్టు చదివినట్టు చెప్పారు. కాసేపాగి, "పోయి చూసింది మంచిదే అయింది" అన్నారు.

మీ ఇళ్లలో అమ్మానాన్నల్ని పంపేవాళ్లకు నాకు తెలిసిన నాలుగు మాటలు. రోజుకు ఒక్క చోటు పెట్టండి, రెండో పూట ఖాళీగా వదలండి. సీనియర్లకు ఉండిన రైలు రాయితీ 2020 మార్చి నుంచి లేదు, కానీ టికెట్ తీసేటప్పుడు వయసు సరిగ్గా వేస్తే కింది బెర్తుకు అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం గుళ్లలో రాతినేల కాలుతుంది, పొద్దున్నే పోవాలి. మందుల చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. పంచాంగం చూడండి.

డిసెంబర్ 31న తిరుత్తణిలో మెట్ల పండుగ. మెట్టుమెట్టుకూ పూజ చేసి, పాటలు పాడుతూ ఎక్కుతారు. నాన్న పోవాలంటున్నారు, అమ్మ జనం జాస్తి అంటోంది. ఇంకా తేలలేదు. నన్ను మాత్రం ఆ రోజు అమావాస్య ఏమైనా పడుతుందేమో చూసి పెట్టమన్నారు.