బస్సు ఎక్కని మా అక్క

మేము తమిళంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు రిటైరయ్యాకే దిద్దుకున్నాం, తప్పులుంటే మన్నించండి. ఆడవాళ్ళ సంగతే అయినా మగవాళ్ళూ చదవాలి.

పోయిన ఉగాదికి తిరుచ్చి నుంచి మన సంఘం బస్సు తిరుపతికి బయలుదేరితే, మా పెద్ద తోడికోడలు అక్క రాలేదు. మోకాలి నొప్పి అన్నది. తిరిగొచ్చి ప్రసాదం ఇస్తుంటే కంట నీళ్ళు పెట్టుకుంది. నొప్పి కాదట. దగ్గినా, నవ్వినా మూత్రం జారిపోతుందట, ఆరేళ్ళుగా. బస్సులో చీర తడిస్తే ఏం ముఖం పెట్టుకోను అన్నది.

అప్పుడు మేమూ మా గుట్టు విప్పాం. బుకింగ్ కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ క్యూ చూసి నీళ్ళే తాగేవాళ్ళం కాదు. ఇప్పుడేమో ఇంటి తాళం తీసేలోపే ఆగదు. ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరం చెప్పుకోలేదు!

ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మూత్రం, షుగర్ పరీక్ష చేయించింది. ఎన్నిసార్లు వెళ్ళామో, ఏం తాగామో మూడు రోజులు రాసి తెమ్మన్నది. తర్వాత చెప్పింది: అక్కది ఒక రకం. కాన్పులు, ముట్లుడగడం, బరువు, మలబద్ధకం వల్ల మూత్రసంచిని మోసే కింది కండరాలు వదులవుతాయి. మాది ఇంకొకటి. సంచి నిండకముందే బిగుసుకుంటుంది. కొందరికి రెండూ ఉంటాయి.

మందుకన్నా ముందు వ్యాయామం. 1948లో అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ దీని గురించి రాశాడు, అందుకే ఆయన పేరు. గాలి పోకుండా బిగించినట్టు కింది కండరాలను లోపలికి లాగి, పది లెక్కపెట్టి వదలాలి. మొదట మూడే వచ్చినా చాలు. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి.

మాకు ఇంకొకటి చెప్పింది. తొందర రాగానే పరుగెత్తకుండా కూర్చుని, అది తగ్గాక వెళ్ళాలి. గంటకొకసారి వెళ్ళేవాళ్ళం, పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయాం. నాలుగు కాఫీలు రెండయ్యాయి. నీళ్ళు మాత్రం మానొద్దన్నది. మూత్రం చిక్కబడితే సంచికి ఇంకా చిరాకట.

ఇవి చాలకపోతే మా రకానికి మాత్రలు, అక్క రకానికి ఆపరేషన్ ఉన్నాయి. గర్భసంచి జారినవాళ్ళకు లోపల రింగు పెడతారు. రక్తం పడినా, మంటా జ్వరమూ ఉన్నా ఆలస్యం చేయకండి.

పూర్తిగా పోయిందని చెప్పం. కానీ ఆడి పదునెట్టుకి అక్క మాతో అమ్మమండపం వచ్చి, కావేరి ఒడ్డున చిత్రాన్నం తింటూ బాగా నవ్వింది.

సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే యాత్రలో రెండు గంటలకొకసారి శుభ్రమైన టాయిలెట్ ఉన్నచోట బస్సు ఆపండి. ఎవరూ అడగకముందే ఆపండి. అడగడానికి సిగ్గుపడే ఎందరో ఇళ్ళలోనే ఉండిపోతున్నారు.