అంచు కత్తిరించిన అట్టముక్క

1991లో న్యూయార్క్‌లో సదబీస్ సంస్థ నిర్వహించిన వేలంలో, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన అట్టముక్క ఒకటి 4,51,000 డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవారు ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన భాగస్వామి. అట్ట మీద ఉన్నది బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ. పన్నెండేళ్లకే చదువు మాని బొగ్గు గనిలో పనికి దిగిన వలస కుటుంబపు బిడ్డ ఆయన.

ఆ కార్డును అచ్చువేయించింది క్రీడాసంఘం కాదు, పొగాకు గుత్తసంస్థ. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఐదువందలకు పైగా రకాల బొమ్మలు పెట్టి పంచింది. అట్ట పెట్టెను నలగనిచ్చేది కాదు. వరుస పూర్తిచేయాలన్న ఆశ మరో పెట్టె కొనిపించేది. గుంటూరు పొగాకు చరిత్ర ఎరిగినవారికి ఈ సంస్థ పరాయిది కాదు. 1902లో ఇది బ్రిటన్‌లోని ఇంపీరియల్ కంపెనీతో కలిసి నెలకొల్పినదే బ్రిటిష్ అమెరికన్ టొబాకో. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ గుత్తసంస్థను ముక్కలు చేసింది.

వాగ్నర్ తన బొమ్మ వాడుకోవడానికి ఒప్పుకోలేదు. పిల్లలు పొగాకు కొనడం ఇష్టంలేక అని కొందరంటారు, తగిన సొమ్ము ఇవ్వనందుకు అని మరికొందరు. కారణమేదైనా అచ్చు ఆగిపోయింది. నేడు వెలుగులో ఉన్నవి అరవై దాకా మాత్రమే. ఒక మనిషి కాదన్న మాటే ఆ కాగితానికి కోట్ల విలువ తెచ్చింది.

పాత కార్డుల బజారులో అరుదు ఒక్కటే చాలదు. మూలలు అరిగాయా, అంచులు తిన్నగా ఉన్నాయా, బొమ్మ మధ్యకు కుదిరిందా అని చూసి పదికి ఇన్ని అని మార్కులు వేసే సంస్థలున్నాయి. మార్కులు వేశాక కార్డును గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ముద్ర వేస్తారు. ఆపైన కొనేవాడు చూసేది కార్డును కాదు, ముద్రను. గ్రెట్జ్‌కీ కొన్న కార్డుకు ఎనిమిది మార్కులు పడ్డాయి. 2007లో అదే కార్డు 28 లక్షల డాలర్లు పలికింది.

2013లో, ఒకప్పుడు ఆ కార్డును కొని అమ్మిన వేలం వ్యాపారి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. వేలంపాటల్లో దొంగ పాటలు పాడించడంతో పాటు, ఈ కార్డు అంచులను తానే కత్తిరించానన్నది కూడా ఆ ఒప్పుకోలులో ఉంది. వందేళ్లనాటి అట్టకు అంత పదునైన అంచు ఎలా నిలిచిందన్న అనుమానం సేకర్తల్లో ఎప్పటినుంచో ఉంది. అనుమానం ఉన్నా బేరం ఆగలేదు. ధ్రువపత్రం చేతిలో ఉన్నప్పుడు నిజం అడగడం నష్టదాయకం. అమ్మేవాడికీ, కొన్నవాడికీ, ముద్ర వేసినవాడికీ మౌనమే లాభం. ఈ సూత్రం కార్డుల బజారుకే పరిమితమైనది కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ లోకంలోనే మరో మనిషి ఉన్నాడు. సిరాక్యూస్ పట్టణంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన జెఫర్సన్ బర్డిక్. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోతున్నా జీవితమంతా కార్డులు పోగుచేసి, వాటిని వర్గీకరించి జాబితా అచ్చువేశాడు. వాగ్నర్ కార్డు వరుసకు నేటికీ వాడుకలో ఉన్న టీ206 అన్న గుర్తు ఆయన పెట్టినదే. తాను కూడబెట్టిన మూడు లక్షలకు పైగా ముద్రిత వస్తువులను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి దానం చేశాడు. ఏళ్లతరబడి అక్కడికే వచ్చి కూర్చుని, వాటిని ఆల్బమ్‌లలో తన చేతులతో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించి, మార్చిలో కన్నుమూశాడు.

ఆయన అంటించిన వాటిలో వాగ్నర్ కార్డూ ఉంది. జిగురు తగిలిన కార్డుకు బజారులో మంచి మార్కులు రావు. బర్డిక్‌కు ఆ బెంగ లేదు. అమ్మే ఉద్దేశం ఉన్నవాడు జిగురు పూయడు. ఒకరు కత్తెరతో ధర పెంచారు, మరొకరు జిగురుతో ధర అన్న ప్రశ్ననే మూసేశారు. ఆ కార్డు ఏ పెట్టెలోంచి వచ్చింది, దాన్ని అచ్చువేయించింది ఎవరు, ఎందుకు అని తెలుసుకోగోరే పరిశోధకుడు నేటికీ తెరవవలసింది బర్డిక్ ఆల్బమ్‌నే.