అవ్వకు వినబడిన పిట్టలు

"గాలే లేని చోట సద్దు ఎట్లొస్తుందే?" అని అడిగింది మా అవ్వ. బడి మొగం చూడని అవ్వకు వచ్చిన ఆ అనుమానం, ప్లస్ టూ తర్వాత సైన్సు వదిలేసిన నాకు తట్టనేలేదు.

నిజానికి అది సద్దు కాదు. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల మధ్య పుట్టే విద్యుదయస్కాంత అలలు. 2012 ఆగస్టు 30న నాసా పంపిన వాన్ అలెన్ ప్రోబ్స్ అనే జంట నౌకలు 2019 దాకా వాటిని కొలిచాయి. ఆ నౌకల్లో ఉన్నది మైకు కాదు, యాంటెన్నాలు, అయస్కాంత సెన్సర్లు. ఆ అలల ఫ్రీక్వెన్సీ మన చెవికి అందే హద్దుల్లోనే ఉంటుంది. అందుకని ఆ కొలతల్ని స్పీకరుకు ఇస్తే మనకు వినిపిస్తాయి. తెల్లారుజామున పిట్టలు కూసినట్టే ఉంటాయి కాబట్టి వాటికి 'కోరస్' అని పేరు. వినడానికి ముద్దుగానే ఉన్నా, ఇవే కొన్ని ఎలక్ట్రాన్లకు ఉపగ్రహాలను పాడుచేసేంత వేగం ఇస్తాయి.

ఫోన్లో ఆ రికార్డు పెట్టి అవ్వ చెవి దగ్గర పట్టుకున్నాను. ఒక్కో కూత కిందనుంచి మొదలై సన్నబడుతూ పైకి పోతుంది. "మొదలైన దాంట్లోనే ఆగిపోతా ఉండాదే" అంది అవ్వ.

ఆగలేదు. నాకు వినబడుతూనే ఉంది. వయసైతే ముందుగా పోయేది సన్నటి ధ్వనులేనని ఎక్కడో చదివింది అప్పుడు గుర్తొచ్చింది.

నా గొంతు సన్నం. నాన్న పిలిస్తే పలికే అవ్వ, నేను పిలిస్తే పలకదు. కొడుకంటేనే ప్రేమ అనుకుని, రెండు నెలలుగా ముఖం ముడుచుకుని తిరిగాను. ఒకసారి విసుక్కుని అన్నం తట్ట ఠంగున పెట్టి వచ్చేశాను కూడా.

రికార్డు వేగం సగానికి తగ్గించాను. అప్పుడు ధ్వని కూడా సగానికి దిగుతుంది. అవ్వ కళ్ళు పెద్దవి చేసుకుంది. "పిట్టలే!" అంది. వంటింట్లోంచి అమ్మ తన తమిళంలో "కురువి" అంది.

ఇప్పుడు అవ్వ ఎదురుగా కూర్చుని, గొంతు దించి, నిదానంగా మాట్లాడుతున్నాను. చెవినబడని దాన్ని ఆ యంత్రాలు పట్టి ఎట్లా వినిపిస్తాయో చెప్తే అంతా విని, "అట్లాంటిది నా చెవికీ ఒకటి పెట్టించే పిల్లా" అంది.

సోమవారం చెవి డాక్టరు దగ్గరికి పోతున్నాం. తోడు నేనే వస్తానన్నాను.