రెండెకరాల వరిగడ్డి

2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టింది. దేశదేశాల నుంచి వచ్చినవాళ్ల విమాన ప్రయాణాలకు, నగరంలో తిరిగిన కార్లకు ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందో లెక్క తీశారు. అంత మేరకు ఇంకెక్కడో తగ్గిస్తున్నవాళ్లకు డబ్బు చెల్లించారు. ఆ డబ్బు అందుకున్నది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలం పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం ఆడవాళ్లు. వాళ్లు కానుగ గింజలు ఏరి నూనె పట్టేవారు. ఆ నూనె డీజిల్‌కు బదులు వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని తేలింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ పనిలో తోడున్నారు. చేతికొచ్చిన సొమ్ము 645 డాలర్లు.

ఈ సంగతి చదివిన నాటి నుంచి నన్ను వదల్లేదు. కానుగ నాకు కొత్త చెట్టు కాదు. మానుకోట (మహబూబాబాద్) దగ్గరి మా ఊళ్లో కానుగ లేని బాయిగడ్డ ఉండేది కాదు. నాట్లకు ముందు నాయిన కొమ్మలు కొట్టుకొచ్చి బురద మడిలో తొక్కించేవాడు, అదే ఎరువు. పొద్దున పందుంపుల్ల అదే, ఎండాకాలం మధ్యాహ్నం నీడా అదే. అలాంటి చెట్టు గింజ వాషింగ్టన్ సదస్సు పొగకు జమ అయిందంటే మొదట గర్వంగా అనిపించింది. తర్వాత లెక్క వేసి చూశాను. 147 టన్నులకు 645 డాలర్లంటే టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. 2025లో యూరప్‌లో కంపెనీలు వదిలే టన్ను కార్బన్‌కు ధర చాలావరకు 60 నుంచి 80 యూరోల మధ్య ఊగింది. కాలం తేడా ఉంది, మార్కెట్ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ సదస్సుకు ఎగిరినవాళ్ల పొగ కొన్ని గంటల్లో పైకి పోయింది. దాన్ని సరిచేసే పని మాత్రం ఆ ఆడవాళ్లు పదేళ్లు చేయాలి. విమాన ప్రయాణాన్ని పర్యావరణానికి సరిపడేలా మార్చాలన్న మాట ఎక్కడ విన్నా నా మనసు ముందు ఈ ధర దగ్గరికే పోతుంది.

నేను జర్మనీలో, కొలోన్‌లో ఉంటాను. ఇంటికి పోవాలంటే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి శంషాబాద్‌కు సుమారు ఏడు వేల కిలోమీటర్లు ఎగరాలి. విమాన ఇంధనం కిలో కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎకానమీ సీటులో రానూపోనూ కలిపి ఒక్క మనిషి వాటా దాదాపు ఒక టన్ను. భారతదేశంలో ఒక మనిషి సగటున ఏడాదంతా బతికితే రెండు టన్నులు. డాలస్ నుంచో చికాగో నుంచో వచ్చే మనవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. ఈ లెక్క చూపించి అమ్మానాయినల దగ్గరికి పోవద్దని ఎవరికీ చెప్పను. చావుకు, పెళ్లికి, పురుటికి పోకుండా ఉండలేం. ఆ టన్ను ఖర్చు ఎవరు మోయాలన్నదే నా ప్రశ్న.

యూరప్ ఒక దారి పట్టింది. 2025 నుంచి ఇక్కడి విమానాశ్రయాల్లో నింపే ఇంధనంలో 2 శాతం సుస్థిర ఇంధనం ఉండి తీరాలి. అంటే భూమి లోపలి ముడిచమురు నుంచి కాకుండా వాడిన వంటనూనె, పంట వ్యర్థాల వంటివాటి నుంచి తీసినది. 2030కి అది 6 శాతం, 2050కి 70 శాతం కావాలి. ధర మామూలు ఇంధనానికి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే లుఫ్తాన్సా 2025 జనవరి ప్రయాణాల నుంచి దూరాన్నీ తరగతినీ బట్టి 1 యూరో మొదలు 72 యూరోల దాకా పర్యావరణ రుసుము టికెట్టులో కలిపింది. ఎగిరేవాడే కట్టడం న్యాయం. నేను మనస్ఫూర్తిగా కడతాను.

భారతదేశం కూడా లక్ష్యాలు పెట్టుకుంది. అంతర్జాతీయ విమానాల్లో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఒకటి నాలుగో వంతు జీవ ఇంధనం కలుపుకుని ఎగిరింది. ఆ ఇంధనం ఛత్తీస్‌గఢ్ రైతులు పండించిన అడవి ఆముదం నుంచి, డెహ్రాడూన్ పెట్రోలియం సంస్థలో తయారైంది. ఎగరడం సాధ్యమేనని అప్పుడే తేలిపోయింది. ఆ గింజ, ఆ గడ్డి ఏ నేల నుంచి, ఏ ధరకు వస్తాయన్నది మాత్రం ఇంకా తేలలేదు.

జనగామ దగ్గర మా అక్కావాళ్లకు పత్తి చేను ఉంది, కొంత వరి ఉంది. పత్తి ఏరడం అయిపోయాక పత్తికట్టెకు అగ్గిపెడతారు. వరి కోత మిషన్‌తో కోశాక మిగిలిన కొయ్యలకూ అంతే. కిందటిసారి పోయినప్పుడు ఆ పొగ చూపించి, దీని నుంచి విమానాలు నడిపే నూనె తీయొచ్చు అక్కా అన్నాను. "గదంత ఏరిపిచ్చి ట్రాక్టర్ల ఎత్తియ్యాల్నంటే కూలి ఎవలిస్తర్రా? అగ్గి పెడితే పొద్దుగూకేవరకు చేను సాపైతది" అంది. బావ ఇంకో మాట అడిగాడు. "వరిగడ్డి మొత్తం మీకే ఇస్తే బర్లకేమెయ్యాలె?"

బావ ప్రశ్నకు జవాబు చెప్పాలని కూర్చుని లెక్క వేశాను. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టులో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం ప్రారంభించింది. ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డి నుంచి మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని దాని లక్ష్యం. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మార్చాలంటే లీటరుకు ఒకటిన్నర లీటర్లకు పైనే పోయాలి. నా రాకపోకలకు నా వాటా ఇంధనం సుమారు 400 లీటర్లు. అంతా గడ్డి నుంచే తీయాలంటే నాలుగైదు టన్నుల గడ్డి కావాలి. మా దిక్కున ఒక ఎకరం వరి ఇచ్చే గడ్డి రెండు టన్నుల పైచిలుకు. అంటే నేనొక్కడిని ఒకసారి వచ్చిపోవడానికి రెండెకరాల వరిగడ్డి.

ఈ లెక్క అటూఇటూ కొంత మారవచ్చు. అయినా దాన్ని చూశాక నాకు రెండు సంగతులు స్పష్టమయ్యాయి. కాల్చి పారేసే పత్తికట్టె, మిరపకట్టె, బర్లు తినని కొయ్య మేలైన ముడిసరుకు. దాన్ని వదులుకోవడం తప్పు. కానీ ఇప్పుడు ఎగిరినంత ఎగురుతూ ఇంధనం మాత్రం మార్చుకుంటామంటే నేల చాలదు. 2024లో ప్రపంచమంతా కలిపి తయారైన సుస్థిర ఇంధనం మొత్తం విమాన ఇంధనంలో 0.3 శాతమే. కాబట్టి తక్కువసార్లు రావడం, వచ్చినప్పుడు ఎక్కువ రోజులు ఉండడం నేను ఎంచుకున్న పద్ధతి. అక్కకు ఇది నచ్చింది. "ఉరుక్కుంట వచ్చి ఉరుక్కుంట పోయేదానికన్నా గదే నయం" అంది. ఆఫీసులో దీర్ఘ సెలవు అడగడం సులువేం కాదు. అయినా ఇంటి నుంచి పనిచేసే వీలున్నవాళ్లు అడగాలి, కంపెనీలు ఇవ్వాలి.

మన సంఘాల మహాసభలకు కూడా ఒక మాట. అమెరికాలోని తెలుగు సంఘాలు తానా, ఆటా పెట్టే సభలకు ఇండియా నుంచి కళాకారులు, నాయకులు, సాహితీవేత్తలు ఎగిరి వస్తారు. మంచిదే. హాలు అద్దె, భోజనాల పద్దు రాసినట్టే ఆ ప్రయాణాల కార్బన్ పద్దు కూడా రాయాలి. ఆ సొమ్ము సరైన ధరకు, టన్నుకు నాలుగు డాలర్లకు కాదు, మన జిల్లాల్లోని మహిళా సంఘాలకు చేరాలి. ఇరవై ఏళ్ల కిందటే ఒక సదస్సుకు అయిన పని మనకెందుకు కాదు?

ఇక మామునూరు. వరంగల్ పక్కన నిజాం కాలంలో 1930లో కట్టిన ఆ విమానాశ్రయం 1981 నుంచి మూతబడి ఉంది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం దాన్ని మళ్లీ తెరవడానికి అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు 253 ఎకరాలు సేకరించాలన్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు అదే దగ్గరి విమానాశ్రయం అవుతుంది. ఢిల్లీకో ముంబైకో అక్కడి నుంచి పోవడం అర్థమున్న పని. కానీ శంషాబాద్‌లో ఇంకో విమానం అందుకోవడానికి మామునూరులో ఎక్కడం మొదలైతే నాకు బాధ. వరంగల్ నుంచి హైదరాబాద్ 150 కిలోమీటర్లు కూడా లేదు. నేనుండే కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ అంతకన్నా దూరం. 2002లో ఆ రెంటి మధ్య హైస్పీడ్ రైలు మార్గం తెరిచారు, 2007లో విమానాలు ఆగిపోయాయి. ఇప్పుడు గంటలో రైలు మమ్మల్ని విమానాశ్రయం పక్కనే దింపుతుంది. విమానం టికెట్టే రైలుకూ చెల్లేలా తీసుకోవచ్చు. మనకు కాజీపేట జంక్షన్ ఉంది, జనగామ మీదుగా సికింద్రాబాద్‌కు కరెంటు రైళ్లు ఉన్నాయి. లేనిదల్లా శంషాబాద్ టెర్మినల్ దాకా రైలు. అది వేయిస్తే మానుకోట మనిషి టాక్సీ, విమానం రెండూ లేకుండా శంషాబాద్ చేరతాడు.

తిండిగింజల నుంచి తీసే ఇథనాల్‌తో విమానాలు నడపాలనే ఆలోచన వస్తే నేను ఒప్పుకోను. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారాలు వద్దని రైతులు రోడ్డెక్కారు. దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ప్రభుత్వం పనులు ఆపించాల్సి వచ్చింది. నీళ్లు, వాసన, పొలాల గురించి వాళ్లు పడిన భయం న్యాయమైనది. మానుకోట చుట్టూ ఇప్పుడు పామాయిల్ తోటలు పెరుగుతున్నాయి, ఆ రైతులకూ ఒక సంగతి తెలియాలి. యూరప్ నిబంధన పామాయిల్‌నూ తిండి పంటలనూ తన 2 శాతంలో లెక్కపెట్టదు. వాడిన వంటనూనెను లెక్కపెడుతుంది. జనగామ బస్టాండు మిర్చిబజ్జీల మూకుళ్లలో మళ్లీ మళ్లీ కాగే నూనెను కొని తీసుకుపోయేవాళ్లుంటే తినేవాడి గుండెకూ మేలే.

భూపాలపల్లిలో మా మేనమామ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. జిల్లా కేంద్రమైనా అక్కడికి ప్రయాణికుల రైలు లేదు. చెల్పూరులో 500, 600 మెగావాట్ల థర్మల్ యూనిట్లు రెండున్నాయి, తాడిచర్లలో బొగ్గు గని ఉంది. రాష్ట్రానికి వెలుగిచ్చిన నేల అది. కానుగ, పత్తికట్టె, విమానాల సంగతంతా చెప్తే మామ ఓపికగా విన్నాడు. "మంచిదే బిడ్డా. గని బొగ్గు లారీలు పోయే తొవ్వ పక్కన ఉండేటోళ్లను అడిగి ఎన్నడన్నా ధర పెట్టిన్రా? దీనికన్నా ముందుగాల అడగుమను" అన్నాడు.

అంతర్జాతీయ విమానాల కార్బన్‌కు సంబంధించిన కోర్సియా అనే ప్రపంచస్థాయి పథకం 2027 నుంచి భారత్‌కు తప్పనిసరి అవుతుంది. మన 1 శాతం లక్ష్యానికీ గడువు అదే ఏడు. కొనేవాళ్లు పల్లెకు వచ్చేలోపు టన్ను పత్తికట్టెకు కనీస ధర ఎంతో, ఏరి కట్టలు కట్టే కూలి ఎవరిస్తారో, బర్లకు వదలాల్సిన గడ్డి ఎంతో రాతపూర్వకంగా తేలాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ ధర వల్ల నా టికెట్టు పెరిగితే పెరగనీ.