కనబడని గోడ

మా వంటింటి అటక మీద ఒక స్టీలు గ్లాసు ఉంది. దాని మీద నా పేరు, పేరు కింద 1984 అన్న అంకెలు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటాయి. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలో రాకేశ్ శర్మ సోయుజ్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళి వచ్చాడు. ఆ ఉత్సాహం చల్లారకముందే వచ్చిన స్వాతంత్ర్య దినోత్సవానికి మా బడిలో పెట్టిన ప్రశ్నల పోటీ అంతా గ్రహాల చుట్టూ, నక్షత్రాల చుట్టూ తిరిగింది. గ్లాసు నాకు దక్కింది ఆ పోటీలోనే. అది న్యాయంగా నాకు రావలసినది కాదని తెలియడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది.

చివరికి ఇద్దరమే మిగిలాం. "చంద్రుడి మీద నుంచి చూస్తే కనిపించే ఒకే ఒక్క మానవ నిర్మాణం ఏది?" అని మాస్టారు అడిగారు. ముందు నా మిత్రుడి వంతు. అతడు లేచి నిలబడి, కాసేపు నేలకేసి చూసి, "ఏదీ కనిపించదండీ" అన్నాడు.

"అదేమిట్రా! చైనా గోడ సంగతి చదవలేదూ?"

"చదివానండీ. చంద్రుడి మీద పెద్ద పెద్ద కొండలున్నాయని కూడా చదివానండీ. ఇక్కణ్ణుంచి చూస్తే మనకి ఒక్క కొండా కనిపించదు కదండీ. మరి అక్కణ్ణుంచి గోడెలా కనిపిస్తుందండీ?"

బడి యావత్తూ గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వులు సద్దుమణిగాక లేచి, మాస్టారు అప్పటికే చెప్పేసిన జవాబును నా జవాబుగా అప్పజెప్పాను. చప్పట్లు మోగాయి. ఆ తరువాత పదో తరగతి దాకా ఆ మిత్రుడు తరగతిలో చెయ్యెత్తి ఏదీ అడగగా నేను చూడలేదు.

2003 అక్టోబరు 15న యాంగ్ లీవేయ్ షెన్‌జౌ-5 నౌకలో బయలుదేరి, భూమిని 14 సార్లు చుట్టి వచ్చాడు. చైనా పంపిన తొలి వ్యోమగామి అతడు. దిగి వచ్చాక అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: మన గోడ కనిపించిందా? కనిపించలేదని అతడు ఉన్నదున్నట్టుగా చెప్పాడు. తన దేశమంతా వినాలని ఎదురుచూస్తున్న మాటను కాదని, చూడనిదాన్ని చూడలేదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో! ఆ వార్త చదివిన ఉదయం నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ గోడ కాదు, తల వంచుకుని బల్ల మీద కూర్చున్న ఒక కుర్రవాడు.

మాస్టారిని తప్పుపట్టలేను. ఆ మాట ఆయన పుట్టించినది కాదు. ఇంగ్లండులో విలియం స్టూక్లీ అనే పురాతత్వ జిజ్ఞాసువు 1754లో రాసిన ఒక లేఖలో, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడను మెచ్చుకుంటూ, దీన్ని మించినది చైనా గోడ ఒక్కటేననీ, అది చంద్రుడి నుండి కూడా కనిపించవచ్చుననీ రాశాడు. 1938లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ యాత్రికుడు పిల్లల కోసం రాసిన పుస్తకంలో దాన్నే నిశ్చయంగా చెప్పాడు. గగారిన్ భూమిని విడిచి పైకి వెళ్ళింది 1961లో. మనిషి చంద్రుడి మీద కాలు మోపింది 1969లో. అంటే, వెళ్ళి చూసేవాడు పుట్టకముందే చూసిన ఫలితం ఖాయమైపోయిందన్నమాట.

వెళ్ళి చూడనక్కరలేదు, కాస్త లెక్క వేసినా చాలు. చైనా గోడ అన్ని భాగాలనూ కలిపి 2012లో ప్రకటించిన పొడవు 21,196 కిలోమీటర్లు. కానీ వెడల్పు చాలాచోట్ల ఐదారు మీటర్లే. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుండి ఆ వెడల్పును చూడటమంటే, తల వెంట్రుకను ఐదు మీటర్ల దూరం నుండి చూడటం లాంటిది. చంద్రుడి దూరం 3,84,400 కిలోమీటర్లు. అక్కడి నుండి చూడటమంటే, అదే వెంట్రుకను నాలుగైదు కిలోమీటర్ల అవతల నుండి చూడటమే. వెంట్రుక ఎంత పొడవైతే మాత్రం ఏం లాభం?

అయితే ఐదు మీటర్ల దూరంలో ఉన్న వెంట్రుక సంగతి అంత తేలికగా తేలేది కాదు. సున్నం వేసిన గోడ మీద నల్లని వెంట్రుకైతే మంచి చూపున్నవాడు పోల్చుకోవచ్చు. అదే నల్లరేగడి నేల మీద పడితే దగ్గర కూర్చుని వెతికినా దొరకదు. చైనా గోడకున్న చిక్కు ఇదే. ఎక్కడి మట్టితో, ఎక్కడి రాళ్ళతో కట్టారో అక్కడి నేలలోనే కలిసిపోయే రంగు దానిది. 2004 నవంబరులో లెరాయ్ చావ్ అనే అమెరికన్ వ్యోమగామి అంతరిక్ష కేంద్రం నుండి 180 మిల్లీమీటర్ల కటకంతో ఒక ఛాయాచిత్రం తీశాడు. అందులో గోడ చిన్న ముక్క పడిందని తరువాత నిపుణులు తేల్చారు గాని, తాను చూసింది గోడనేనని అతడే గట్టిగా చెప్పలేకపోయాడు.

అంతరిక్ష కేంద్రం నుండి మనిషి చేసినవేవీ కనబడవని కాదు. దక్షిణ స్పెయిన్‌లో అల్మెరియా దగ్గర కూరగాయల సాగుకు కప్పిన ప్లాస్టిక్ పందిళ్ళు తెల్లటి మచ్చలా మెరుస్తాయి. రాత్రివేళ నగరాలు నిప్పుకణికల్లా కనబడతాయి. భారత పాకిస్థాన్ సరిహద్దు కంచె వెంట వెలిగే దీపాలు నారింజరంగు గీతలా వంకరలు తిరుగుతూ 2011లో తీసిన ఒక చిత్రంలో స్పష్టంగా పడ్డాయి. శత్రువును ఆపడానికి శతాబ్దాల తరబడి కట్టిన రాతిగోడ కంటికి ఆనదు. అదే పనికి నిలబెట్టిన దీపాల వరుస ఆనుతుంది. చంద్రుడి దాకా వెళితే మాత్రం మామూలు కంటికి ఇవేవీ మిగలవు.

చాలా ఏళ్ళ తరువాత, ఒక సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆ మిత్రుణ్ణి కలిశాను. మోటార్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. రాగితీగ చుడుతూనే నేను చెప్పిందంతా విన్నాడు. పోటీ, ప్రశ్న, తానన్న మాట, ఏవీ గుర్తు లేవన్నాడు. కాసేపటికి, "మీరందరూ నవ్వడం మాత్రం గుర్తుందిరా. ఎందుకు నవ్వారో గుర్తులేదు" అన్నాడు.

"నువ్వు చెప్పిందే సరైన జవాబు" అన్నాను.

చేతిలో తీగను పక్కన పెట్టి, "మాస్టారికి తెలిసిందా?" అని అడిగాడు.

మాస్టారు 2003కు ముందే పోయారు. ఆ మాటే చెప్పాను. "పోనీలే" అని మళ్ళీ తీగ అందుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ గ్లాసు సంగతి ఎత్తుదామనుకున్నాను గాని, నోరు రాలేదు. అది ఇప్పటికీ మా అటక మీదే ఉంది.